చీపురు డ్యూటీ

ప్రభుత్వోద్యోగి చేత చీపురు పట్టించడం ఏమంత కష్టం కాదు. ఒక సర్క్యులర్ చాలు. పట్టిన చీపురు నేలకు తగిలేలా చూడటం, అదీ ఫొటోగ్రాఫర్ వెళ్లిపోయాక కూడా తగిలేలా చూడటం మాత్రం ఇంతవరకూ ఏ ప్రభుత్వానికీ చేతకాలేదు. ఎవరి మీదో దుగ్ధతో అంటున్న మాట కాదిది. గోదావరి ఒడ్డున ఒక మున్సిపాలిటీలో, రెవెన్యూ సెక్షన్‌లో, ఇంటిపన్ను రిజిస్టర్ల మధ్య సర్వీసంతా వెలగబెట్టి రిటైరైనవాణ్ణి నేను. ఊరి పేరు మాత్రం అడక్కండి. నా ఎరియర్స్ ఫైలు ఇంకా అక్కడే తిరుగుతోంది.

చీపురు సంగతులు మళ్లీ తవ్వుకోవలసి రావడానికి కారణం మా బావమరిది. భద్రాచలంలో చింతపండు వ్యాపారం అతనిది. "ఇంట్లో కూర్చుని అక్కయ్య ప్రాణం తీసే బదులు నాతో జగర్గుండా సంతకి రండి బావగారూ, నాలుగు మొహాలు చూసినట్టుంటుంది" అని వ్యాన్ ఎక్కించాడు. చింతూరు దాటి, కుంట దగ్గర రాష్ట్రం దాటి, దోర్నపాల్‌లో పెద్ద రోడ్డు వదిలి అడవిలోకి తిరిగితే యాభై పైచిలుకు కిలోమీటర్లు. సుక్మా జిల్లా. దోర్నపాల్ నుంచి ఒకటి, దంతెవాడ వైపు నుంచి ఒకటి, బీజాపూర్ వైపు నుంచి ఒకటి, మూడు దారులు కలిసే ఊరు. సంతలో గోండి, హల్బీ, హిందీ, తెలుగు అన్నీ కలగలిపి బేరాలాడుకుంటారు. తూకం దగ్గర తగాదా వస్తే మాత్రం ఎవరి భాషలో వాళ్లు తిట్టుకుంటారు.

వ్యాన్ దిగగానే నాకు పాత అలవాటు కొద్దీ మున్సిపల్ ఆఫీసు ఎక్కడని అడగబుద్ధయింది. లేదు. జగర్గుండా గ్రామ పంచాయతీ. ఆ జిల్లాలో పట్టణ హోదా ఉన్నవి సుక్మా, దోర్నపాల్, కుంట. అంటే "మున్సిపల్ ఉద్యోగులు యావన్మందీ శనివారం ఉదయం ఆరు గంటలకు చీపుర్లతో హాజరు కావలెను" అనే సర్క్యులర్‌ను ఇక్కడికి పంపిస్తే, తీసుకునేవాడు లేక తిరుగు టపాలో వెళ్లిపోతుంది. ఇలాంటి చోటు ఒకటుందని సర్వీసులో ఉండగా తెలిసి ఉంటే మా ఆఫీసులో సగంమంది డిప్యుటేషన్‌కి దరఖాస్తు పెట్టేవాళ్లు. ఆ రోజుల్లో జగర్గుండా ఎలా ఉండేదో తెలిశాక ఆ దరఖాస్తులు వాళ్లే చింపేసేవాళ్లు. ఆ సంగతి కాస్త ఆగి చెబుతాను.

మా తరం ఉద్యోగులకు చీపురు దీక్ష ఇప్పించింది జన్మభూమి. 1997 జనవరి 1న మొదలైంది. శ్రమదానం అన్నారు, రానివాడికి మెమో అన్నారు. శ్రమదానానికి మెమో ఏమిటండీ అని మా హెడ్ క్లర్క్ ఒక ధర్మసందేహం లేవదీశారు. మొదటి మెమో ఆయనకే వచ్చింది. దాని వెనకాలే పచ్చదనం-పరిశుభ్రత. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్. గోదావరికి అటుపక్క తెలంగాణలో 2015 మేలో స్వచ్ఛ హైదరాబాద్, 2020 ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి, ఆ వేసవిలోనే దోమల మీద దండయాత్రగా ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు. ఇటుపక్క 2025 జనవరి 18న మైదుకూరులో మొదలుపెట్టి ప్రతి నెలా మూడో శనివారం స్వర్ణాంధ్ర-స్వచ్ఛాంధ్ర. పార్టీలు మారాయి, నినాదాలు మారాయి, ఒక రాష్ట్రం రెండైంది. చీపురుకి మాత్రం రిటైర్మెంటు రాలేదు. మూడో శనివారాల నాటికి నాకొచ్చేసింది కాబట్టి ఇప్పుడు గేటు దగ్గర నిలబడి, కాఫీ తాగుతూ, తర్వాతి తరం ఊడ్పును పరిశీలించే యోగం పట్టింది.

మా మొదటి శ్రమదానానికి చీపుర్లు కొనే బాధ్యత స్టోర్స్ గుమస్తాకి అప్పగించారు. పద్ధతి గల మనిషి. కొటేషన్లు పిలిచాడు, కంపారిటివ్ స్టేట్‌మెంట్ తయారుచేశాడు, తక్కువ కోట్ చేసినవాడి దగ్గర కొన్నాడు. తెచ్చినవి కొండచీపుర్లు. మెత్తగా, కుచ్చులుగా, పెళ్లి పందిట్లో కట్టుకోవచ్చు అన్నంత అందంగా ఉన్నాయి. ఇంట్లో గచ్చు మీద పిండి రాలితే ఊడ్చుకోవడానికి దివ్యంగా ఉంటాయి. వాటితో ఆఫీసు యావత్తూ కూరల మార్కెట్ ముందు తారు రోడ్డు మీదికి దిగాం. కంకర, అరటి తొక్కలు, చెరుకు పిప్పి, పైన రాత్రి కురిసిన వాన. రెండు విసుర్లకి కుచ్చు బురద పీల్చుకుని జడలు కట్టింది. మూడో విసురుకి పిప్పి చీపురు మెడకి చుట్టుకుంది. ఇక చీపురును ఊడవడానికి ఇంకో చీపురు కావలసి వచ్చింది. మా అకౌంటెంటు ఎదురుగాలికి నిలబడి శక్తివంచన లేకుండా ఊడ్చి, మార్కెట్‌లోని ఉల్లిపొట్టంతా తీసుకెళ్లి కమిషనర్‌గారి తెల్ల ప్యాంటుకి సమర్పించాడు.

శానిటరీ మేస్త్రీ పక్కన నిలబడి కాసేపు చూశాడు. నవ్వలేదు. సంస్కారవంతుడు.

"అది ఇంట్లోది సార్" అన్నాడు మెల్లిగా.

తన మనుషుల చేతుల్లో ఉన్నది చూపించాడు. కొబ్బరి ఈనెలు, రెండు పిడికిళ్ల లావు కట్ట, మెడ దగ్గర సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి, నడుం వంగకుండా ఊడవడానికి నడిమధ్యలోకి వెదురు కర్ర దిగ్గొట్టింది. ఈనెల కొసలు ఒక పక్కకి ఏటవాలుగా అరిగి ఉన్నాయి. పట్టుకునేవాళ్ల చేతివాటాన్ని బట్టి అరుగుతుందట. అందుకని ఒకరిది ఇంకొకరికి కుదరదు, ఎవరిది వాళ్లు భద్రంగా దాచుకుంటారు. ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి, దుమ్ము లేస్తుంటే నీళ్లు చిలకరించాలి, చెత్తని ఊరంతా తోసుకుంటూ పోకుండా పది అడుగులకో కుప్ప వెయ్యాలి, కుప్పని గాలి చెదరగొట్టేలోపు తోపుడు బండి అక్కడికి రావాలి. ఇవన్నీ అతను చెబుతుంటే, ఇంటిపన్ను అసెస్‌మెంటు కన్నా ఇదే చిక్కైన శాస్త్రంలా కనిపించింది. కాకపోతే ఇందులో ప్రమోషన్లు లేవు.

ఆ కొండచీపుర్లు ఎక్కణ్ణుంచి వస్తాయో జగర్గుండా దారిలో బావమరిది చెప్పాడు. మన మన్యంలో గిరిజన సహకార సంస్థ కొంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఫూల్ ఝాడూ అంటారు, సర్కారు మద్దతు ధర ఇచ్చి కొనే అటవీ సరుకుల జాబితాలో అదొకటి. అడవిలో ఎవరో కొండెక్కి, గడ్డి కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి, సంతకి మోసుకొస్తే, మేం దాన్ని బురదలో ముంచి గ్రూప్ ఫొటో దిగామన్నమాట.

ఫొటో సంగతి కూడా చెప్పుకోవాలి. ఊడవడానికి చోటు ఎంచడంలో మా వాళ్లది ఒకటే సూత్రం. జీపు తిరగడానికి జాగా ఉండాలి, ముక్కు మూసుకోనక్కర్లేకుండా ఉండాలి. ఈ రెండూ కుదిరిన చోట చెత్త దొరకదు. అందుకని పార్కు నుంచి ఎండుటాకులు బస్తాల్లో తెప్పించి, తెల్లవారుజామున సిమెంటు రోడ్డు మీద పలచగా చల్లించేవారు. చల్లేదీ పారిశుద్ధ్య సిబ్బందే, మేం ఊడ్చినట్టు ఊడ్చాక ఎత్తేదీ వాళ్లే. ఇది మా ఊరికే దక్కిన తెలివి అనుకునేవాణ్ణి. 2014 నవంబరులో ఢిల్లీలో, అద్దంలా ఉన్న ఒక సాంస్కృతిక కేంద్రం ముందు చెత్త తెచ్చి పోసి, ఆ పైన నాయకులు వచ్చి ఊడ్చిన వైనం ఫొటోలతో సహా పత్రికలకెక్కాక, దేశ రాజధాని కూడా మా బాటలోనే ఉందని ధైర్యం చిక్కింది. 2019 జులైలో పార్లమెంటు ఆవరణలో ఎంపీలు ఊడుస్తుంటే, ఒకావిడ చీపురు నేలకు తగలకుండా గాలిని ఊడుస్తున్న వీడియో చూసి దేశమంతా నవ్వింది. నేను నవ్వలేదు. నేలకు తగిలితే చీపురు గతి ఏమవుతుందో చూసినవాణ్ణి.

పెద్దాయన పక్కన నిలబడాలనే తాపత్రయం మన ఒక్కరిదే కాదు లెండి. 1920 మే 1న మాస్కోలో క్రెమ్లిన్ ఆవరణ శుభ్రం చేస్తూ లెనిన్ ఒక దుంగ మోశాడు. ఆయనతోపాటు ఆ దుంగ మోసింది మేమేనని చెప్పుకునేవాళ్లు ఏటేటా పెరిగిపోయారని రష్యన్లు జోకులేసుకునేవారు. వాళ్లందరూ నిజంగా మోసి ఉంటే ఆ దుంగ కాకినాడ నుంచి రాజమండ్రి దాకా ఉండాలి. మా ఊళ్లో కలెక్టరుగారు పట్టిన చీపురుకీ అదే యోగం పట్టింది. ఆ కర్ర మీద ఎన్ని చేతులున్నాయో ఫొటోలో ఇప్పటికీ లెక్క తేలదు. నాది ఎడమ వైపు, వాచీ ఉన్న చెయ్యి.

స్వచ్ఛ భారత్ ప్రమాణంలో ఏడాదికి వంద గంటలు, అంటే వారానికి రెండు గంటలు శ్రమదానం చేస్తానని ఉంటుంది. చేతులు ముందుకు చాచి అందరం ప్రమాణం చేశాం. చాచిన చెయ్యి దించకుండానే మా అకౌంటెంటు లెక్క కట్టాడు. వారానికి రెండు గంటల చొప్పున వంద గంటలకి యాభై వారాలే పడతాయి, ఏడాదికేమో యాభై రెండు. "రాసినవాడు మనవాడేనోయ్, రెండు వారాలు క్యాజువల్ లీవు అట్టిపెట్టాడు" అన్నాడు. తర్వాత చర్చ ఆ రెండు గంటలు ఆఫీసు వేళల్లోనా, బయటా అన్నదాని మీదికి మళ్లింది. సాయంత్రం ఆరింటికి పెడదామన్నారు కమిషనరు. "దీపాలు పెట్టాక ఊడిస్తే లక్ష్మి వెళ్లిపోతుందండీ. అసలే పన్ను వసూళ్లు అంతంతమాత్రం" అన్నాడు మా సీనియర్ అసిస్టెంటు. ఆ ఏడాది వసూళ్ల పట్టిక చూసి కమిషనరుగారు ప్రతిపాదన ఉపసంహరించుకున్నారు.

సంఘం నాయకుడు ఏకంగా రాజ్యాంగం పుస్తకం పట్టుకొచ్చాడు. 23వ అధికరణం ప్రకారం వెట్టిచాకిరీ నిషిద్ధం, మా చేత రోడ్లు ఊడిపించడం వెట్టి కిందికి వస్తుంది, కోర్టుకెక్కుతాం అన్నాడు. అందరం బల్లలు చరిచాం. కమిషనరుగారు పుస్తకం తీసుకుని దాని కింది భాగం చదివి వినిపించారు. ప్రజా ప్రయోజనం కోసం ప్రభుత్వం తప్పనిసరి సేవ విధించవచ్చునట. విధించేటప్పుడు మతం, జాతి, కులం, వర్గం చూసి తేడా చేయకూడదట. ఆ చివరి ముక్క దగ్గర గదిలో ఎవరూ దగ్గనైనా లేదు. మా పారిశుద్ధ్య విభాగం మస్టరు రోలు మీద పేర్లు ఏ వాడల నుంచి వస్తాయో, తాతల నాటి నుంచి చీపురు ఎవరి చేతుల్లోనే ఉందో రాజ్యాంగం చదవని వాళ్లకీ తెలుసు. నాయకుడు పుస్తకం మూసి, టీ తెప్పించాడు.

వెట్టి అనే మాట ఎత్తే అర్హత ఎవరికైనా ఉంటే జగర్గుండా ఉన్న ఆ బస్తర్‌కి ఉంది. 1910లో గుండాధుర్ పేరుతో చెప్పుకునే భూమ్‌కాల్ తిరుగుబాటుకు, అడవి లాక్కోవడంతోపాటు వెట్టి కూడా ఒక కారణం. దొరలు క్యాంపుకొస్తే సామాను మోయాలి, దారులు బాగుచేయాలి, కూలి అడిగితే తన్నులు. మన గూడెం కొండల్లో 1922లో అల్లూరి సీతారామరాజు వెంట జనం కదలడానికి కూడా, అరకొర కూలితో రోడ్డు పనులు చేయించుకోవడం ఒక కారణమే. అంటే వందేళ్ల కింద ఆఫీసు ఊరి చేత ఊరికే పని చేయించుకుంది. ఇప్పుడు ఊరి కోసం వారానికి రెండు గంటలు వంగమంటే ఆఫీసుకి రాజ్యాంగం గుర్తొచ్చింది.

జగర్గుండా కథ ఈ వెట్టి కథలకు తీసిపోయింది కాదు. ఒకప్పుడు అడవి సరుకుకి పేరుమోసిన బజారు. 2005లో మావోయిస్టుల మీదికి సల్వాజుడుం మొదలయ్యాక ఊరు శిబిరమైంది. చుట్టూ ముళ్లతీగ, గేట్లు, కాపలా. దారులు తెగిపోయాయి, బస్సులు లేవు. నెలల తరబడికి సరిపడా బియ్యం, ఉప్పు ఒక్కసారే బలగాల కాపలాలో లారీల్లో వచ్చేవి. బడులు దోర్నపాల్‌కి తరలిపోయి, పదమూడేళ్ల తర్వాత 2019లో తిరిగొచ్చాయి. 2001లో మూతపడ్డ బ్యాంకుకు బదులు 2025 మేలో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు శాఖ తెరిచారు. మా వ్యాన్ హాయిగా దొర్లుకుంటూ వచ్చిన ఈ రోడ్డు పనికి కాపలా కాస్తూ 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ పేరున్న బోర్డు కిటికీలోంచి కనిపించాక బావమరిది పాటల సౌండు తగ్గించాడు.

ఇన్నేళ్లూ ఆ ఊరిని ఏ కమిషనరూ ఊడవలేదు, ఏ మేస్త్రీ మస్టరు వేయలేదు. చెత్త కొండలా పేరుకుపోయి ఉంటుందనుకున్నాను. లేదు. చెత్త కావాలంటే ముందు సరుకు రావాలి కదా! దారి తెగిన ఊళ్లో చిప్స్ ప్యాకెట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది?

చింతపండు బుట్టతో వచ్చిన ఒకావిడని చూస్తూ నిలబడ్డాను. కూర్చోబోయే ముందు పక్కనున్న చెట్టు కొమ్మ ఒకటి విరిచి, ఆకులతోనే తన ముందు రెండు బారల నేల శుభ్రంగా తుడుచుకుంది. రాళ్లు ఏరి అవతల పడేసింది. గోనె పరిచింది, బుట్ట దించింది. తుడిచిన కొమ్మను పారెయ్యలేదు, గోనె చివర బరువుగా పెట్టుకుంది, తర్వాత ఈగల్ని తోలడానికి అదే వాడింది. పక్కావిడా అంతే, ఆ పక్కావిడా అంతే. మధ్యాహ్నానికి జీలుగు కల్లు ఆకు దొప్పల్లో తాగారు, తిండి అడ్డాకుల్లో తిన్నారు. సంత విడిచేసరికి ఆకుల్ని ఆవులూ మేకలూ తమ పద్ధతిలో పరిష్కరించాయి. వాటికి మెమో ఇవ్వనక్కర్లేకపోయింది.

మిగిలిందల్లా రోడ్డు మీద వచ్చిన సరుకు. గుట్కా పొట్లాలు, చిప్స్ సంచులు, వాటర్ ప్యాకెట్లు, మా బావమరిది లాంటి వాళ్ల గోనెసంచుల మీది ప్లాస్టిక్ తాళ్లు. ఆవు ఒకటి మెరిసే సంచీని నోట కరుచుకుని నడిచిపోతోంది.

"ఇక్కడికో మున్సిపాలిటీ వస్తే బాగుపడుతుంది బావగారూ" అన్నాడు బావమరిది, చింతపండు బస్తా బిగించి, తెగిన తాడు ముక్క కాలి దగ్గరే వదిలేస్తూ.

"మున్సిపాలిటీ వస్తే ఆ తాడు ఎత్తడానికి ఒక పోస్టు, ఎత్తాడో లేదో చూడటానికి మూడు పోస్టులు శాంక్షనవుతాయి. ముందు నువ్వు తియ్యి" అన్నాను. తీశాడు. తీసి నా జేబులో పెట్టాడు.

అదే ఛత్తీస్‌గఢ్‌లో ఉత్తరాన అంబికాపూర్ ఉంది. అక్కడ ఇంటింటి చెత్త స్వచ్ఛతా దీదీలనే మహిళా బృందాలు తీసుకెళ్లి, రకరకాలుగా వేరుచేసి, అమ్మగలిగింది అమ్ముతాయి. 2019లో కిలో ప్లాస్టిక్ ఏరి తెచ్చినవాళ్లకి భోజనం పెట్టే హోటలు కూడా తెరిచారు. ఊరు శుభ్రతకి దేశమంతా పేరు తెచ్చుకుంది. అందులో గుమస్తాల చీపురు వాటా ఎంత అంటే, బహుశా దీదీల జీతం బిల్లు ఆలస్యం చేయకుండా ఉండటమే గుమస్తా చేయగల గొప్ప శ్రమదానం.

మా ఊళ్లోనూ ఈ లెక్క ఒకసారి తేటతెల్లమైంది. 2023 డిసెంబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ అంతటా పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగి, సంక్రాంతికి ముందు విరమించారు. అప్పటికి నేను గేటు దగ్గర కాఫీ పదవిలో చేరిపోయాను. మూడో రోజుకి మా వీధి మలుపులో కుప్ప పడింది. వారానికి అది పక్కింటి ప్రహరీని దాటి లోపలికి తొంగిచూసింది. కుక్కలు, పందులు, ఆవులు పాత తగాదాలు మరిచిపోయి ఒకే చోట చేరాయి. ఆఫీసు సిబ్బంది చీపుర్లు పట్టకుండా ఏళ్లు గడిచినా ఊళ్లో ఎవరూ ఫిర్యాదు చేయలేదు. కార్మికులు చీపురు దించిన వారానికల్లా కమిషనరు ఫోను మోగుతూనే ఉందట.

ఇన్ని చెప్పినవాడు, అయితే ఉద్యోగుల చేత ఊడిపించడం దండగ అంటాడేమో అని మీరు అనుకోవచ్చు. అనను. ఎందుకంటే ఒక వర్షాకాలం నాడు ఏం జరిగిందో నేను చూశాను. పై నుంచి ఎవరో తనిఖీకి వస్తున్నారని, ఆకులు చల్లే వ్యవధి లేక, మమ్మల్ని నిజంగానే చేపల మార్కెట్ వెనక కాలువ మీదికి తోలారు. ఆ కాలువకి కల్వర్టు వెయ్యాలని మేస్త్రీ పెట్టుకున్న అర్జీ ఇంజనీరింగ్ సెక్షన్‌లో "పరిశీలనలో" ఉండి ఉండి పసుపు రంగుకి తిరిగింది. ఏఈగారు అందులో మోకాలి దాకా దిగబడ్డారు. ఒక బూటు కాలువకే వదిలేసి వచ్చారు. ఆ సోమవారానికి ఎస్టిమేటు తయారు.

ఇంకో ఫైలు కథ ఇంకా బాగుంటుంది. కార్మికులకి సబ్బులు, కొబ్బరినూనె, చెప్పులు ఇవ్వాలని ఎప్పటి నుంచో ఉంది. ఇవ్వాలి అని ఉండటం వేరు, ఇవ్వడం వేరు. ఆ ఏడాది కొబ్బరినూనె ఫైలు మీద మా అకౌంటెంటు ఒక అభ్యంతరం రాసి పెట్టాడు. నూనె తలకా, చేతులకా? తలకైతే అది వ్యక్తిగత అలంకరణ ఖర్చు, మున్సిపల్ నిధుల నుంచి చెల్లదు. స్పష్టత కోరడమైనది. ఆ కాగితం మూడు బల్లలు తిరిగింది. చేపల మార్కెట్ కాలువలో రెండు గంటలు ఉన్న మర్నాడు అకౌంటెంటు రెండు అరచేతులూ పైకి తిప్పి పెట్టుకుని సీట్లో కూర్చున్నాడు. వేళ్ల సందుల్లో ఒరిసి, ఎర్రగా పుళ్లు. మేస్త్రీ ఏదో పని మీద వచ్చి, చూసి, జేబులోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. కొబ్బరినూనె. అకౌంటెంటు చేతులకి రాసుకుని, ఫైలు దగ్గరికి లాక్కుని, "చేతులకే" అని రాసి సంతకం చేశాడు. నూనె మరక ఆ నోట్ షీటు మీద ఇంకా ఉంటుంది. ఆడిట్‌వాళ్లు దాని మీద కూడా స్పష్టత కోరి ఉంటారు.

ఈ రెండు ఫైళ్లను కదిలించిన రహస్యం ఒట్టి చీపుర్లో లేదు. 1901 డిసెంబరులో కలకత్తా కాంగ్రెస్‌కి వెళ్లిన గాంధీ ఏం చేశాడో గుర్తు తెచ్చుకోండి. అక్కడ మరుగుదొడ్లు చూసి, వాలంటీర్లని అడిగితే అది మా పని కాదు, ఊడ్చేవాళ్ల పని అన్నారు. చీపురు అడిగి తీసుకుని తనే కడిగాడు. అందరికీ తెలిసిన ముక్క ఇది. తక్కువమందికి గుర్తున్నది ఏమిటంటే, అదే కాంగ్రెస్‌లో ఆయన కార్యదర్శి ఘోషాల్ దగ్గర గుమస్తాగా కూర్చుని, పేరుకుపోయిన ఉత్తరాల కట్టలకి జవాబులు కూడా రాశాడు. ఘోషాల్‌గారి చొక్కా బొత్తాలు కూడా పెట్టాడు. మనవాళ్లు గాంధీ పేరు చెప్పి అక్టోబరు 2న చీపురు పడతారు గానీ, పెండింగు ఉత్తరాల సంగతి ఎత్తరు. బొత్తాలు పెట్టడం మాత్రం వదల్లేదు, పై అధికారులకి ఏడాది పొడుగునా పెడుతూనే ఉంటారు.

ఊరి పనికి అందరినీ దింపడం బయటి దేశాల్లోనూ ఉంది. రువాండాలో నెలనెలా ఆఖరి శనివారం, పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతివాడూ అరవై అయిదు వచ్చేదాకా పొద్దున్నే ఊరి పనికి రావాలి. ఉద్యోగి, వ్యాపారి, రైతు తేడా లేదు. టాంజానియా అధ్యక్షుడు మగుఫులి 2015 డిసెంబరు 9న స్వాతంత్ర్య దినోత్సవ సంబరాలు రద్దుచేసి, ఆ రోజు దేశమంతటినీ వీధులు శుభ్రం చేయమని చెప్పి, తనూ వీధిలోకి దిగాడు. మన దగ్గర ఇలాంటిది పెడితే సంబరాలు రద్దు కావు, శుభ్రతకే ఒక సంబరం పెడతాం. శామియానా, మైకు, పూలదండలు, సభ అయ్యాక మిగిలిన ప్లాస్టిక్ గ్లాసులు ఎత్తడానికి మళ్లీ మేస్త్రీ.

కాబట్టి కమిషనర్లకు ఒక రిటైర్డు గుమస్తా మనవి. ఉద్యోగుల చేత ఊడిపించండి, మానకండి. అయితే మెయిన్ రోడ్డు మీద వద్దు, చేపల మార్కెట్ వెనకాలకి తీసుకెళ్లండి. ఏ సెక్షన్‌లో ఏ కాలువ ఫైలు ఆగిందో ఆ సెక్షన్‌ని ఆ కాలువలోనే దింపండి. ఈనెల చీపుర్లు కొనండి, కొటేషన్ కాగితం మేస్త్రీకి ముందు చూపించి. ఆ రెండు గంటలూ పెత్తనం మేస్త్రీది, మస్టరు మీద అతని సంతకం లేనిదే హాజరు వేయకండి. ఫొటోగ్రాఫర్‌ని పిలవకండి. పిలవక తప్పకపోతే అతని చేతికీ ఒక చీపురివ్వండి.